ఒకటిన్నర నుంచి మూడున్నర

"ఓస్మార్ బార్నెట్, వయసు 24. ఆడవాళ్ళ రోజున వీధిలో తిరిగిన నేరం. సోమవారం మధ్యాహ్నం 2.10కి అదుపులోకి. గురువారం మధ్యాహ్నం 1.50కి విడుదల. గుర్తింపు కార్డు తిరిగి ఇవ్వడమైనది."

ఇదీ ఠాణా రిజిస్టర్‌లో ఉన్నది. పేరు పక్కన ఒక కార్డు నంబరు, కింద ఒక సంతకం, దాని పక్కన ఒక వేలిముద్ర. పట్టుకున్న సంగతి ఎవరో కానిస్టేబుల్ కోడిగీతల్లో బరికాడు. విడుదల సంగతి మాత్రం గుండ్రటి అక్షరాల్లో, తీరిగ్గా కూర్చుని రాసినట్టుంది. పదకొండేళ్ళు దర్యాప్తు విభాగంలో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను, పోలీసు పుస్తకంలో అందమైన చేతిరాత కనిపిస్తే నాకు భయం వేస్తుంది.

శుక్రవారం ఉదయం పదిన్నర. మూడు గంటలకి మా ఊరు కొలోన్ కోర్టులో మా ఇరుగుపొరుగు వేదిక వేసిన, మనిషిని హాజరుపరచమనే హెబియస్ కార్పస్ పిటిషన్ విచారణకి వస్తుంది. ఈ పేజీ జడ్జి బల్ల మీదికి చేరిందంటే, "వదిలేశారుగా, ఇంకేం కావాలి?" అని కొట్టిపారేస్తాడు. ఆ తర్వాత ఓస్మార్‌ని వెతికే పని ఈ ప్రపంచంలో వాళ్ళమ్మ ఒక్కదానికే మిగులుతుంది.

ఆవిడ పేరు ఎర్మీనియా. యాభై ఎనిమిదేళ్ళు. షుగరు, కుడి పాదం మీద మానని పుండు, నాలుగడుగులు కూడా వేయలేదు. ఆదివారం ఇన్సులిన్ అయిపోయింది. మందుల షాపువాడు రోగి కార్డు చూపిస్తేనే మందిస్తాడు, అదీ రోగికి కేటాయించిన గంటల్లోనే. రోగం భయంతో లాక్‌డౌన్ పెట్టిన ఈ రెండు నెలలుగా మా బతుకులు ఇలా తెల్లారాయి. సోమ, బుధ, శుక్రవారాలు ఆడవాళ్ళవి. మంగళ, గురు, శనివారాలు మగవాళ్ళవి. ఆ రోజుల్లో కూడా కార్డు నంబరు చివరి అంకెని బట్టి రెండంటే రెండు గంటలు. ఎర్మీనియా అంకె రెండు, కాబట్టి ఒకటిన్నర నుంచి మూడున్నర. సోమవారం ఆ గంటలో, తల్లి కార్డు జేబులో పెట్టుకుని కొడుకు బయల్దేరాడు. షాపు దాకా వెళ్ళనే లేదు.

తన కార్డు ఓస్మార్ ఫ్రిజ్ మీద వదిలేసి వెళ్ళాడు. పిటిషన్‌కి పనికొస్తుందని పొద్దున్నే ఎర్మీనియా దాన్ని నా చేతికిచ్చింది. అది ఇప్పుడు నా సంచిలో ఉంది.

"ఈ విడుదల రాసిందెవరు సార్జెంట్?" అన్నాను.

బల్ల వెనక కూర్చున్న తున్యోన్ మాస్కు సర్దుకున్నాడు. "నేనే మేడం."

"చేతిరాత బాగుంది. బళ్ళో బహుమతులు వచ్చుండాలి."

"ఏదో మేడం." పాపం, సిగ్గుపడ్డాడు కూడా.

"నిన్న ఒంటిగంట యాభైకి ఓస్మార్ ఇక్కడ, ఈ బల్ల ముందు నిలబడి సంతకం పెట్టాడు. అంతేగా?"

"అంతే మేడం."

"ఏ చొక్కా వేసుకున్నాడు?"

"చొక్కా..." అతని చూపు గోడ మీదికి పోయింది. "రోజుకి ఎంతమంది వస్తారు మేడం, చొక్కాలు గుర్తుంటాయా?"

"నిన్న ఎంతమందిని వదిలారు?"

పేజీలో ఉన్నది ఒక్క పేరు.

"సరే, నడిచి వెళ్ళాడా?"

"కారిచ్చి పంపుతామా ఏంటి?"

"ఇక్కడి నుంచి వాళ్ళింటికి మూడు చెక్‌పోస్టులు. ఒక్కచోట కూడా అతని పేరు రాసుకోలేదు. నేను మూడూ తిరిగొచ్చాను."

"ఎందుకు రాసుకుంటారు మేడం?" తున్యోన్‌కి ఇప్పుడు ధైర్యం వచ్చింది. తనకి బాగా తెలిసిన విషయం కదా. "గురువారం మగవాళ్ళ రోజు. పైగా అతని గంట. గంట కాని గంటలో వదిలితే పాపం దారిలో మళ్ళీ పట్టుకుంటారు. నేను అన్నీ చూసుకునే వదుల్తాను. నంబరు చూస్తే చాలు, గంట నోటికొచ్చేస్తుంది నాకు."

"అతని గంట ఏది?"

"చివర రెండు. ఒకటిన్నర నుంచి మూడున్నర," అన్నాడు, ఎక్కాలు అప్పజెప్పిన పిల్లాడిలా.

నేను సంచి మీద చెయ్యేసి ఊరుకున్నాను. సంచిలో ఉన్న కార్డు నంబరు చివర ఎనిమిది. ఓస్మార్ గంట పొద్దున్న ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర. సోమవారం కానిస్టేబుల్ పేరూ వయసూ అడిగి రాసుకున్నాడు, నంబరు మాత్రం ఓస్మార్ జేబులో దొరికిన కార్డు చూసి రాసుకున్నాడు, అంటే ఎర్మీనియాది. తున్యోన్ ఆ నంబరు చూసి లెక్కకట్టి, ఓస్మార్‌ని పుస్తకంలో వాళ్ళమ్మ గంటలో వదిలేశాడు. ఎదురుగా మనిషి ఉంటే ఇలా జరగదు. ఈ రోజుల్లో మా ఊళ్ళో ఎవరైనా తన పుట్టినరోజు మరిచిపోవచ్చు గానీ తన గంట మరిచిపోరు. "సార్, ఈ గంటలో బయటికెళ్తే మళ్ళీ పట్టుకుంటారు" అని ఓస్మార్ కాళ్ళా వేళ్ళా పడి ఉండేవాడు.

అంటే నిన్న ఈ బల్ల ముందు ఎవరూ నిలబడలేదు.

"వెనక పెరడు చూస్తాను," అన్నాను.

"అది సామాన్లు పెట్టుకునే చోటు మేడం."

"అయితే సామాన్లే చూస్తాను. తనిఖీకి జడ్జి ఇచ్చిన కాగితంలో 'నిర్బంధ స్థలం అంతా' అని ఉంది. 'అంతా' అంటే పెరడు కూడా."

ఈ ఠాణా నిన్నమొన్నటి దాకా ఒక స్కూలు జిమ్. వెనక తలుపు తీస్తే సిమెంటు గచ్చు, దాని చివర ఒక ఓడ కంటైనర్. రేవు ఊరు కాబట్టి ఇలాంటి ఇనప డబ్బాలు మా దగ్గర ఎక్కడబడితే అక్కడ పడుంటాయి. గచ్చు రంగు చూశాను. పెరడంతా బూడిద రంగు, కంటైనర్ తలుపు ముందు రెండు గజాల మేర మాత్రం సున్నం కొట్టినంత తెల్లగా పాలిపోయింది. తలుపు అంచుల వెంబడి గోధుమరంగు ప్యాకింగ్ టేపు. ఎవరో కత్తితో కోసి, తర్వాత మళ్ళీ కొత్త టేపు అంటించారు. గాలి ఆడే కన్నాలకి కూడా టేపే. తాళం కొత్తది, ధర చీటీ ఇంకా ఊడలేదు. రెండు మాస్కుల వెనక ఉన్న నా ముక్కుకి క్లోరిన్ తప్ప ఇంకేదీ తెలియలేదు.

"సామాన్లకి గాలి తగలకూడదా సార్జెంట్?"

"లోపలికి తెచ్చేవాళ్ళని శుద్ధి చేస్తాం మేడం. రోగం రాకుండా. పది నిమిషాలే."

"తలుపేసి?"



గోడవారగా వీపుకి తగిలించుకునే స్ప్రే డబ్బాలు నాలుగు ఉన్నాయి. ఒకదాన్ని తిప్పి చూశాను. దాని మీద నీలం స్టిక్కర్: "ఇరుగుపొరుగు వేదిక కానుక. మన వీధి, మన ఆరోగ్యం." ఆ స్టిక్కర్ అంటించింది నేనే. ఏప్రిల్‌లో గడప గడపకీ తిరిగి చందాలడిగి, వీధులు కడగడానికని మేమే కొనిచ్చాం. ఫొటో కూడా దిగాం. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాను, మళ్ళీ తుడుచుకున్నాను. నా చేతుల మీద నాకే అసహ్యం వేసింది.

"మెల్వితా! రెండు మాస్కులేసుకున్నా నీ చిరాకు దాగదు కదా!"

ఆ గొంతు వెనక్కి తిరక్కుండానే గుర్తుపట్టాను. సబ్‌కమిషనర్ ఆబ్రెగో. ఒకప్పుడు ఒకే గదిలో ఎదురెదురు బల్లలు మావి. ఒక ఖైదీ చావు మీద నేను ఉన్నదున్నట్టు రాశాను, అతను లేనిది రాశాడు. అతనికి ప్రమోషన్ వచ్చింది, నేను ఇంటికొచ్చాను.

"ఈ తాళం తీయించు," అన్నాను.

"వారెంటుందా?"

"జడ్జి కాగితం ఉంది."

"చూడ్డానికి ఉంది. తెరవడానికి లేదు. చూశావుగా? బాగుందా మా డబ్బా?"

"ఇందులో మనుషుల్ని పెట్టి మందు కొట్టారు."

"మందెవరిచ్చారు? మీరే. డబ్బాలు కూడా మీవే. థాంక్స్ చెబుతూ నేను ఉత్తరం రాశాను, ఫ్రేమ్ కట్టించారటగా మీ ఆఫీసులో?"

"వీధులు కడుక్కోమని ఇచ్చాం. మనుషుల మీద కొట్టమని కాదు."

"వీధిలో ఉండేదెవరు మెల్వితా? మనుషులేగా!" అని నవ్వాడు. పక్కనే తున్యోన్ కూడా నవ్వాలా వద్దా అని చూస్తున్నాడు. "వాడు వెళ్ళిపోయాడు. సంతకం ఉంది, వేలిముద్ర ఉంది. ఏ అమ్మాయింట్లోనో దూరుంటాడు. మూడింటికి జడ్జి ఆ పేజీ చదువుతాడు, నువ్వింటికెళ్ళి కాఫీ పెట్టుకుంటావు. హక్కులు, పిటిషన్లు, కొవ్వొత్తులు! ఊళ్ళో జనం చస్తుంటే మేం రోడ్ల మీదున్నాం. మీరెక్కడున్నారు?"

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉండాల్సింది. మూడు గంటలకి జడ్జి ముందు విప్పాల్సిన మూట అది. కానీ ఆ నవ్వు చూసి తట్టుకోలేకపోయాను. ఓస్మార్ కార్డు తీసి అతని మొహం ముందు పెట్టాను.

"ఓస్మార్ అంకె ఎనిమిది. పుస్తకంలో ఉన్నది వాళ్ళమ్మ నంబరు, వాడి జేబులో ఉన్న కార్డుది. మీ సార్జెంటు ఆ నంబరు చూసి గంట కట్టాడు. మీరు మనిషిని విడుదల చేయలేదు ఆబ్రెగో, నంబరుని విడుదల చేశారు. ఆ వేలిముద్ర ఎవరిదో కూడా మూడింటికి తేలిపోతుంది."

ఆబ్రెగో కార్డు తీసుకుని రెండువైపులా చూశాడు. నవ్వు పోయింది. "ఎవరి నంబరన్నావు?" అని మెల్లగా అడిగాడు.

"వాళ్ళమ్మది."

కార్డు రెండు వేళ్ళతో పట్టుకుని వెనక్కిచ్చాడు. "రాతలో పొరపాటు. జడ్జికి చెప్పుకో." అంతే, ఫోను చెవికి పెట్టుకుని గబగబా కారు వైపు నడిచాడు. తున్యోన్ మొహం మాడిపోయింది. పదకొండూ పదైంది. నేను గెలిచాననుకుని, ఛాతీ విరుచుకుని వీధిలోకొచ్చాను.

రెండు వీధులు దాటాక కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. అతను నాకు భయపడి పోలేదు. నంబరు ఎవరిదని అడిగాడు. అది అతనికి తెలియదు. ఇప్పుడు తెలిసింది, నేనే చెప్పాను. ఓస్మార్‌ని ఎక్కడ చేర్చినా ఆ నంబరు మీదే చేర్చి ఉంటారు.

ఆసుపత్రికి ఫోన్ చేశాను. దలీస్ అక్కడ నర్సు, మా వేదికలో సభ్యురాలు. నాలుగు రోజులుగా ఓస్మార్ పేరు వెతికి వెతికి లేదని చెబుతున్నది తనే.

"దలీస్, పేరు కొట్టకు. నంబరు కొట్టు. రాసుకో." ఎర్మీనియా నంబరు చెప్పాను.

మీటల చప్పుడు వినిపించింది. "ఉందక్కా. ఎర్మీనియా బార్నెట్, యాభై ఎనిమిది, స్త్రీ. సోమవారం సాయంత్రం ఆరూ ఇరవైకి పోలీసు బండిలో తెచ్చారు. కార్డు ఇచ్చి వెళ్ళిపోయారట. నంబరు కొడితే పేరు దానంతటదే వచ్చింది, గుమాస్తా తలెత్తి చూసుండడు. పందొమ్మిదో మంచం." మీటల చప్పుడు ఆగింది. "అక్కా, పందొమ్మిదో మంచం మీద ఉన్నది మగమనిషి. కళ్ళు, ఊపిరితిత్తులు కాలిపోయాయి. మాట్లాడే స్థితిలో లేడు. మేమంతా పందొమ్మిదీ అనే పిలుస్తున్నాం."

"బతికున్నాడా?"

"బతికే ఉన్నాడు. కానీ ఇప్పుడే పోలీసుల దగ్గర్నుంచి ఫోనొచ్చింది. పన్నెండింటికి వేరే ఊరి ఆసుపత్రికి మార్చాలట. కింద అంబులెన్సు సిద్ధంగా పెట్టేశారు. ఆక్సిజన్ తీస్తే వాడు దారిలోనే పోతాడక్కా!"

తెలివితేటలు చూపించుకుందామని నేను నోరు పారేసుకున్న పాపానికి ఓస్మార్‌ని చంపడానికి తీసుకెళ్తున్నారు. ఉమ్మేయాలనిపించింది, ఆబ్రెగో మీద కాదు, నా మీద నాకే.

"నేను వచ్చేదాకా ఆపు. ఎలాగోలా ఆపు," అని చెప్పి, లిచాకి ఫోన్ చేశాను. లిచా మా వేదిక పెద్ద, మామూలు రోజుల్లో వీధి మూల వేడి వేడి ఒహాల్‌ద్రె రొట్టెలు నూనెలో వేయించి అమ్ముతుంది. గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది.

"లిచా, ఎక్కడున్నావ్?"

"ఎక్కడుంటాను తల్లీ? ఆసుపత్రి ఎదురు సూపర్‌మార్కెట్ లైన్లో. ఆరు పదుల మంది ఆడాళ్ళం ఎండలో మాడి చస్తున్నాం."

"అక్కడే ఉండు. ఎర్మీనియాని ఎలాగైనా ఆసుపత్రి గేటు దగ్గరికి రప్పించు. వాళ్ళబ్బాయి లోపలున్నాడు, ఎత్తుకుపోతున్నారు. ఠాణా పుస్తకంలో మాత్రం కార్డు తిరిగిచ్చి వదిలేశామని రాసుకున్నారని ఆవిడకి చెప్పు."

ఆమె ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

పద్నాలుగు వీధులు. టాక్సీలు లేవు. నా వయసు యాభై ఒకటి, మాస్కులు రెండు. పరిగెత్తాను, ఆగాను, మళ్ళీ పరిగెత్తాను. ఆసుపత్రి ముందుకి చేరేసరికి పన్నెండుకి నాలుగు నిమిషాలు.

అంబులెన్సు వెనక తలుపులు తెరిచి ఉన్నాయి. దాని ముందు ఆబ్రెగో కారు. ఆ రెండింటికీ రోడ్డుకీ మధ్య, మనిషికీ మనిషికీ రెండేసి మీటర్ల దూరంలో, సంచులు పట్టుకుని సూపర్‌మార్కెట్ లైను. రోడ్డు దాటి, గేటుకి అడ్డంగా వచ్చి, మళ్ళీ వెనక్కి తిరిగింది.

"దారి తీయండి!" ఆబ్రెగో అరుస్తున్నాడు.

"లైన్లో ఉన్నాం సార్," అంది లిచా. "లైను ఇక్కడి దాకా వచ్చింది, మేమేం చేస్తాం? దగ్గర దగ్గరగా నిలబడితే మీరే కేసు పెడతారాయె!"

"బియ్యం కోసం ఆసుపత్రి గేట్లో నిలబడతారా?"

"బియ్యానికేగా సార్, తమ కోసం కాదుగా. కంగారెందుకు?" ఎవరో పక్కున నవ్వారు.

అప్పుడే మెట్ల మీంచి స్ట్రెచర్ దిగింది. తల దాకా దుప్పటి. ఒక పక్క ఇద్దరు పోలీసులు, ఇంకో పక్క ఆక్సిజన్ సిలిండర్‌ని కౌగిలించుకుని వదలకుండా దలీస్. సరిగ్గా ఆ సమయానికి రోడ్డు మీద గడగడమని చప్పుడు. ఇద్దరు ఆడవాళ్ళు సూపర్‌మార్కెట్ బండిని తోసుకొస్తున్నారు. సామాన్లుండాల్సిన చోట ఎర్మీనియా కూర్చుని ఉంది, పుండు కాలికి ప్లాస్టిక్ సంచి చుట్టుకుని.

ఆబ్రెగో ఆమెని చూశాడు. ఎవరో తెలియలేదు. రెండు నెలలుగా నోటికి అలవాటైన మాటే వచ్చింది. "నీ అంకెంత?"

"రెండు నాయనా."

"రెండుకి ఒకటిన్నర నుంచి. ఇప్పుడు పన్నెండు. కార్డు చూపించు."

"కార్డు నా దగ్గర లేదు. మా వాడికి తిరిగిచ్చేశామని మీరే రాశారట కదా పుస్తకంలో." ఎర్మీనియా బండి అంచు పట్టుకుని కొంచెం ముందుకి వంగింది. "మా వాడు ఇంటికి రాలేదు, కార్డూ రాలేదు."

ఆబ్రెగోకి అర్థమయ్యేలోపు నేను డ్రైవర్ దగ్గరికి వెళ్ళాను. "బాబూ, ఎవర్ని తీసుకెళ్తున్నావు? నీ కాగితం గట్టిగా చదువు."

అతను ఆబ్రెగో వైపు చూశాడు, లైను వైపు చూశాడు, లైనులో సగం మంది ఫోన్లు పైకెత్తి రికార్డు చేస్తున్నారు. "ఎర్మీనియా బార్నెట్," అని చదివాడు. "యాభై ఎనిమిది. స్త్రీ."

"అది నేనే," అంది ఎర్మీనియా. "ఎర్మీనియా బార్నెట్‌ని నేనే. ఈ వీధి వీధంతా నన్నెరుగును. నన్ను ఏ ఊరికి తీసుకెళ్తున్నావు నాయనా? ఆ మంచం మీదున్నదెవరు మరి?"

పోలీసుల్లో ఒకడు చెయ్యి అడ్డం పెట్టబోయాడు. దలీస్ దుప్పటి లాగేసింది.

అది మనిషి మొహమని నాలుగు క్షణాల దాకా నాకు తోచలేదు. రెప్పలు ఉబ్బి మూసుకుపోయాయి. బుగ్గల మీద చర్మం పొరలు పొరలుగా లేచింది. పెదాలు నల్లగా పగిలాయి. లైనులో ఎవరో ఏడుపు ఆపుకోలేకపోయారు. ఎర్మీనియాని ఇద్దరు పట్టుకుని దింపారు. ఆమె ఏడవలేదు. కొడుకు చెయ్యి తీసుకుని, మెటికలు ఒక్కొక్కటీ తడిమి చూసుకుంది.

"వీడే," అంది. "వీడే నా కొడుకు. ఓస్మార్, నేన్రా."

డ్రైవర్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఈ బండి కదలదు సార్, కాగితం తప్పు," అన్నాడు. పోలీసులిద్దరూ స్ట్రెచర్ మీంచి చేతులు తీసేశారు. "ఎవరైనా డాక్టరు గారిని పిలవండి, లోపలికి తీసుకెళ్దాం," అని దలీస్ అరుస్తోంది. నేను వంగి స్ట్రెచర్ పట్టుకున్నాను. ఓస్మార్ పెదాలు కదిలాయి. దలీస్ ఆక్సిజన్ మాస్కు ఒక్క వేలు మందం పైకెత్తింది.

"అమ్మా," అన్నాడు. గొంతు ఇసుకలో రాయి ఈడ్చినట్టుంది. "ఆ ఇద్దర్నీ తీశారా?"

"ఎవర్నిరా?"

"డబ్బాలో... నా పక్కన. నేను తలుపు దగ్గరున్నానని నన్ను లాగారు. మళ్ళీ తలుపేసేశారు." ఊపిరి అందుకోవడానికి ఆగాడు. "వాళ్ళు తలుపు కొడుతూనే ఉన్నారు."

సోమవారం నుంచి నాలుగు రోజులు. నేను తల తిప్పి ఆబ్రెగో కోసం చూశాను. అతను నిలబడ్డ చోట ఎవరూ లేరు, లైనంతా స్ట్రెచర్ చుట్టూ మూగడంతో గేటు ఖాళీ అయింది. అతని కారు వీధి చివర మలుపు తిరుగుతోంది, జిమ్ ఉన్న వైపు, సైరన్ వేసుకోకుండా.